మా నాయనగారి బులెట్టు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఇంతకుముందు మాట్లాడినవారు చదువుకొన్నవారు. మేము పదవ తరగతి గట్టెక్కి, రైల్వేలో అడుగు మెట్టున చేరి, శాఖా పరీక్ష రాసి గుమాస్తా అయినవారము. సాహిత్యం మీదనో సంస్కృతి మీదనో ఉపన్యసించే శక్తి మాకు లేదు. మాకు తెలిసినవి రెండే రెండు. ఒకటి ఆఫీసు ఫైలు. రెండవది మా ఇంటి కొట్టంలో ఉన్న పాత మోటారు సైకిలు. ఫైలు సంగతి ఎవరూ వినరు కనుక మోటారు సైకిలు సంగతే మనవి చేసుకొంటాము.

ఒక చిన్న విన్నపం. మేము అన్నప్పుడల్లా మా అన్నదమ్ములిద్దరినీ కలిపి అర్థం చేసుకోండి. ఈ పని ఇద్దరమూ కలిసి చేసినది. అందులో జరిగిన తప్పులు కూడా ఇద్దరివీను.

మా నాయనగారు నెల్లూరు జిల్లా నుంచి 1974లో పెరంబూరు వచ్చి లోకో వర్క్సులో పనిలో చేరారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు మనకు రాలేదు గాని, పెరంబూరు, అయనావరం, ఓటేరి ప్రాంతాల్లో కాపురాలున్న మన పెద్దలు ఇక్కడే ఉండిపోయారు. వారి వెనుక మరి కొందరు వచ్చారు. అట్లా వచ్చినవారిలో మా నాయనగారు ఒకరు. 1984లో ప్రావిడెంటు ఫండు మీద అప్పు తీసుకొని, 1978 నాటి బులెట్టు ఒకటి ఎవరో వాడినది కొన్నారు. మాకు తెలివి వచ్చేనాటికి ఆ బండి మా ఇంట్లో మనిషి. టాంకు మీద ఒకరము, వెనుక అమ్మ ఒడిలో ఒకరము కూర్చుని ఊరంతా తిరిగాము. అది ఇంటి మలుపు తిరుగుతుండగానే చప్పుడు గుర్తుపట్టి అమ్మ పొయ్యి మీద కాఫీ పెట్టేది.

ఈ బండికీ మన ప్రాంతానికీ ఉన్న సంబంధం చాలామంది ఎరుగరు. రాయల్ ఎన్‌ఫీల్డు అనేది ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరి కంపెనీ. 1901లోనే మోటారు సైకిలు చేసింది. బులెట్టు అనే పేరు 1932లో పెట్టింది. స్వాతంత్ర్యం తరువాత మన సైన్యం ఈ బండ్లను కోరగా, 1955లో మద్రాసు మోటార్సు వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో కర్మాగారం పెట్టారు. అదే సంవత్సరం అక్టోబరు 2వ తేదీన మన పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫాక్టరీని నెహ్రూగారు ప్రారంభించారు. ఒకే ఏడాది ఉత్తర మద్రాసులో ఒక పక్క రైలు పెట్టెలకు, ఒక పక్క మోటారు సైకిళ్ళకు పునాది పడింది. మొదట విడి భాగాలు ఇంగ్లండు నుంచి వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. తరువాత పనిముట్లు, అచ్చులు కొని తెచ్చుకొని అన్నీ ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. 1970 నాటికి రెడ్డిచ్ కంపెనీ కథ ముగిసిపోయింది. పుట్టింట్లో దీపం ఆరిపోయినా మెట్టినింట్లో వెలుగుతున్నది. పొట్ట చేత పట్టుకొని పరాయి రాష్ట్రం వచ్చి స్థిరపడ్డ మనకు ఈ సంగతి విచిత్రంగా తోచదు.

ఇక మా బండి దగ్గరకు వద్దాము. నాయనగారు 2014లో ఉద్యోగ విరమణ చేశారు. ఆరు మాసాలు తిరగకుండానే కాలం చేశారు. బండిని కొట్టంలోకి తోసి టార్పాలిను కప్పాము. మరుసటి ఏడు డిసెంబరు వరదల్లో మా వీధిలో మోకాలి లోతు నీరు నిలిచింది. నీరు తీసిన తరువాత ఇంట్లో బియ్యం, బట్టలు చూసుకొన్నాము గాని బండి వంక ఎవరూ చూడలేదు. అట్లా తొమ్మిదేళ్ళు గడిచాయి.

2023లో పాత ఇనుము కొనే అతను తొమ్మిది వేలు ఇస్తానన్నాడు. నిజం దాచడమెందుకు? మాలో పెద్దవాడే ఇచ్చేద్దామన్నాడు. కొట్టం ఖాళీ అయితే పిల్లల సైకిళ్ళు పెట్టుకోవచ్చునని అతని లెక్క. చిన్నవాడు ఒప్పుకోలేదు. అమ్మ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం మేము ఇల్లు చేరేసరికి టార్పాలిను తీసి, పాత చీర ముక్కతో హాండిలు తుడుస్తూ కనిపించింది. అంతే, మేము మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇనుము అతనికి కాఫీ ఇచ్చి పంపేశాము.

అయితే బాగుచేయడమంటే ఏమిటి? ఇక్కడ మా ఇద్దరికీ చుక్కెదురైంది. పెద్దవాడు బండి 1978లో కర్మాగారం నుంచి వచ్చినప్పుడు ఎట్లా ఉన్నదో అట్లా ఉండాలన్నాడు. చిన్నవాడు ఈ కాలపు కుర్రవాడు. వెనుక మడ్‌గార్డు సగం కోసి, సీటు ఒంటి మనిషికి సరిపడా చేసి, వెడల్పు హాండిలు, పెద్ద చప్పుడు చేసే సైలెన్సరు పెట్టాలన్నాడు. ఫోనులో బొమ్మలు కూడా చూపించాడు. చూడ ముచ్చటగానే ఉన్నాయి. వాదం వారం రోజులు నడిచింది. ఒక ఆదివారం చిన్నవాడు సుద్ద ముక్కతో మడ్‌గార్డు మీద గీత గీసి, ఎక్కడిదాకా కోయాలో చూపిస్తున్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ, "ఒరే అబ్బయ్యా, అదంతా కోసేస్తే నేనెక్కడ కూచునేదిరా?" అన్నది.

మేము ఇద్దరమూ బదులు చెప్పలేకపోయాము. అమ్మ మళ్ళీ ఆ బండి ఎక్కాలని అనుకొంటున్నదన్న ఆలోచనే మాకు రాలేదు. ఒకరము అందం గురించి, ఒకరము పాతదనం గురించి తగువు పడ్డాము. బండి ఎవరి కోసమన్నది ఇద్దరమూ అడగలేదు. ఆనాటి నుంచి మా పనికి ఒక దారి ఏర్పడింది.

చిన్నవాడు గీసిన గీతకు చట్టం కూడా అడ్డమేనని తరువాత తెలిసింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కర్మాగారం వారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. 1989 నిబంధనల్లో 123వది మరీ ముఖ్యం. మోటారు సైకిలుకు వెనుక కూర్చునేవారు పట్టుకొనేందుకు పిడి, కాళ్ళు పెట్టుకొనేందుకు ఆధారం, వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండి తీరాలి. చక్రంలో బట్టలు చిక్కుకోకుండా ఆ ఏర్పాటు. మనవాళ్ళు దానిని శారీ గార్డు అంటారు. కొందరు కుర్రవాళ్ళు ముందుగా పీకి పారేసేది దానినే. చీర కొంగు చక్రంలో పడితే ఏమవుతుందో తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

పని మొదలుపెట్టేవారు ముందు స్పానరు పట్టుకోకండి, కాగితాలు పట్టుకోండి. ఇది గుమాస్తా చెప్పే మాట అనుకొన్నా సరే. మా బండి ఇంకా నాయనగారి పేరనే ఉన్నది. చనిపోయినవారి బండిని వారసుల పేరుకు మార్చుకోవడానికి 31వ నమూనా దరఖాస్తు ఉన్నది. అది వెంటనే చేసుకోవలసినది; మేము తొమ్మిదేళ్ళు ఊరకున్నాము. రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్ళకు, ఆపైన అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. దానికి 25వ నమూనా. వారసత్వ ధ్రువపత్రం, పాత పుస్తకం, జరిమానాలు అన్నీ సరిచేసుకొనేటప్పటికి నాలుగు మాసాలు పట్టింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండిని ప్రాచీన వాహనంగా నమోదు చేయించవచ్చును. మాదానికి 2028లో ఆ వయస్సు వస్తుంది. కాని అట్లా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడరాదు. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాలంటే మామూలు రిజిస్ట్రేషనే మాకు కావాలి.

తరువాత విప్పడం. మేము బిస్కట్ల డబ్బాలు పన్నెండు పోగుచేశాము. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క డబ్బా, డబ్బా మీద చీటీ, చీటీ మీద తేదీ. విప్పే ముందు ప్రతిదానికీ ఫోనులో బొమ్మ తీశాము. పాత బులెట్టులో కొన్ని మరలు అంగుళాల లెక్కవి. వాటి మీద మిల్లీమీటరు స్పానరు పెట్టి బలం చూపిస్తే మర తల గుండ్రమవుతుంది. మేము రెండు తలలు అట్లా చెడగొట్టిన తరువాత, లోకో వర్క్సులో రిటైరయిన ఒక పెద్దాయన తన పాత స్పానర్ల పెట్టె తెచ్చి ఇచ్చారు. ఆ పెట్టె ఇప్పటికీ మా దగ్గరే ఉన్నది. అడిగితే, ఇంకా పని ఉందిగా అంటారు.

ఇంజను బిగిసిపోయి ఉన్నది. కిక్కరు మీద ఎక్కి తొక్కితే వస్తుందని ఒకరు సలహా ఇచ్చారు. తొక్కవద్దు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కిరోసినూ ఇంజను ఆయిలూ కలిపి పోసి, వారం రోజులు ఊరనిచ్చాము. ఎనిమిదో రోజున వెనుక చక్రాన్ని గేరులో పెట్టి మెల్లగా తిప్పితే పిస్టను కదిలింది. సిలిండరు గోడ మీద తుప్పు గాట్లు ఉన్నందున లేతు షాపులో బోరు పెద్దది చేయించి, దానికి తగిన పిస్టను వేయించాము. చిన్నవాళ్ళకు ఒక లెక్క చెబుతాము. బులెట్టు సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. స్కూల్లో నేర్చుకొన్న స్తూపం ఘనపరిమాణం సూత్రంతో గుణించండి, 346 వస్తుంది. మూడు వందల యాభై అని మనం పిలిచేది ఆ 346నే.

ట్యాంకు లోపల తుప్పు పట్టి ఉన్నది. గుప్పెడు చిన్న నట్లూ నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళూ పోసి, పాత దుప్పటిలో చుట్టి ఇద్దరమూ చెరొక వైపు పట్టుకొని ఊపాము. పక్కింటివారు ఏమి పూజ అని అడిగారు. పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేశాము. 2025 నుంచి బంకుల్లో దాదాపు అంతటా దొరికేది నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిసిన పెట్రోలు. పాత రబ్బరుకు అది పడదు. ఇథనాలు తేమను పీల్చుకొంటుంది కూడా. నెలల తరబడి బండి నిలిపి ఉంచేవారు ట్యాంకులోనూ కార్బురేటరులోనూ పెట్రోలు ఉంచకండి.

విడి భాగాలకు పుదుపేట వీధుల్లో ఎన్ని ఆదివారాలు తిరిగామో లెక్క లేదు. అక్కడ దొరకని వస్తువు లేదు గాని, చూడగానే కొనకూడదు. పాత ముక్కను జేబులో పెట్టుకొనిపోయి, పక్కన పెట్టి కొలిచి, అప్పుడు డబ్బు తీయాలి.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. పిస్టను వేసి, బండికి నల్ల రంగు వేయించి, క్రోమియం పూత పూయించి, ట్యాంకు మీద బంగారు గీత గీయించాము. తిరువొత్తియూరులో ఆ గీతను చేత్తోనే కుంచె పెట్టి గీసేవారు. మేము కూడా బోర్డులు రాసే ఒక పెద్దాయన చేత అట్లాగే గీయించాము. బండి పెళ్ళికొడుకులా ఉన్నది. వీధి వీధంతా వచ్చి చూసింది. ఆ సంబరంలో మాధవరం వైపు తీశాము. మూలకడై దాటకముందే బండి కీచుమని అరిచి, చక్రం బిగుసుకొని ఆగిపోయింది. మూడు కిలోమీటర్లు తోసుకొంటూ ఇల్లు చేరాము. గేటు దగ్గర అమ్మ నిలబడి ఉన్నది. ఏమయిందని అడగలేదు, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

విప్పి చూస్తే కొత్త పిస్టను సిలిండరును పట్టేసింది. కారణం వెతికాము. బులెట్టులో ఇంజను ఆయిలు అడుగున ఒక గదిలో ఉంటుంది. ఒక పంపు ఆయిలును పైకి పంపిస్తుంది, రెండవది తిరిగి తెస్తుంది. మధ్యలో ఫెల్టు వడపోత ఉంటుంది. ఆ అడుగు గదిలో 2015 నాటి వరద ఒండ్రు గడ్డకట్టి ఉన్నది. మేము పైపైన తుడిచి, కొత్త ఆయిలు పోసి, మూత బిగించాము. వడపోత గదిలో ముందుగా ఆయిలు నింపాలన్న సంగతీ మరచాము. తిరిగే ఇంజనుకు చుక్క ఆయిలు అందలేదు. బంగారు గీతకు రెండు వారాలు వెచ్చించినవారము, ఆయిలు దారికి ఒక గంట వెచ్చించలేదు. తప్పు ఇంకెవరిదీ కాదు, మాదే. పదకొండు వేలు మళ్ళీ ఖర్చు. మూడు మాసాలు మళ్ళీ ఆలస్యం.

రెండవసారి రంగు జోలికి పోలేదు. ప్రతి రంధ్రంలోనూ కిరోసిను పోసి, గాలి కొట్టి, అవతలి వైపు నుంచి వస్తున్నదో లేదో చూశాము. ఇంజను మొదలుపెట్టగానే, హెడ్డులో రాకర్లకు పోయే సన్న గొట్టం మరను ఒక చుట్టు వదులు చేశాము. అక్కడ ఆయిలు చెమరిస్తే పంపు పనిచేస్తున్నట్లు లెక్క. చెమర్చకపోతే వెంటనే ఆపాలి. ఆ చుక్క కనబడేదాకా మా ఇద్దరికీ ఊపిరి ఆడలేదు. తరువాత వెయ్యి కిలోమీటర్లు ఎద్దుబండిలా నింపాదిగా నడిపాము.

పాత బులెట్టును లేపడానికి బలం కాదు, ఓపిక కావాలి. కిక్కరును మెల్లగా అదుముతూ ఆంపియరు ముల్లు వంక చూడాలి. ముల్లు మధ్యకు వచ్చిందంటే పాయింట్లు విడినట్లు. అప్పుడు డీకంప్రెషన్ లీవరు పట్టి, కిక్కరును మరొక్క పిసరు దించి, లీవరు వదిలి, కిక్కరును పైకి రానిచ్చి, ఒక్క తన్ను తన్నాలి. ఈ కిటుకు నాయనగారు మా చిన్నతనంలో చెప్పారు. అప్పుడు ఆటగా విన్నాము. మొదటి తన్నుకే లేచిన రోజున మాలో పెద్దవాడు చాలాసేపు ఎవరి వంకా చూడలేకపోయాడు. ఇంకొక సంగతి. ఈ బండికి గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు. ఈనాటి బండ్లకు అలవాటుపడ్డవారు బ్రేకు అనుకొని గేరు తొక్కుతారు. రోడ్డెక్కే ముందు ఖాళీ మైదానంలో అలవాటు చేసుకోవాలి.

మరి చిన్నవాడి సరదా ఏమైందని అడుగుతారేమో. వెలుతురు విషయంలో అతనే గెలిచాడు. పాత ఆరు వోల్టుల దీపం ముందు మిణుగురు పురుగు నయం. దానిని పన్నెండు వోల్టులకు మార్చాము. మిగిలిన మార్పులన్నీ అమ్మ చెప్పినవే. సీటులో మెత్తటి స్పాంజి వేయించాము. వెనుక రెండు కాళ్ళూ ఒక పక్కన ఆనేలా పలక పెట్టించాము. మోకాళ్ళు నొప్పి కనుక ఆ పలకను ఆమె కూర్చుని చూస్తుండగానే కొలిచి బిగించాము. పట్టుకోవడానికి గట్టి పిడి, పక్కన శారీ గార్డు. అధికారులు తనిఖీ చేసి సరే అన్నారు. కొత్త చప్పుడు సైలెన్సరు మాత్రం పెట్టలేదు. పాత చప్పుడు వినే కదా అమ్మ కాఫీ పెట్టేది.

మా ఖర్చు పుస్తకం మొత్తం నలభై ఒక్క వేల చిల్లర. ఆ డబ్బుకు మంచి పాత స్కూటరే వచ్చేదని లెక్క తెలిసినవారు అన్నారు. లెక్క సరైనదే. దానికి మా దగ్గర జవాబు లేదు. పోయిన మాసంలో అమ్మను పెరంబూరు రైల్వే ఆసుపత్రికి ఆ బండి మీదనే తీసుకుపోయాము. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. దిగిన తరువాత, "మీ నాయన ఇంత నిదానంగా నడిపేవాడు కాదురా" అన్నది. మెప్పో దెప్పో మాకు ఇప్పటికీ తెలియదు.

పెద్దలారా, ఈ సభలో చాలామంది ఇళ్ళల్లో ఇట్లాంటి బండ్లు టార్పాలిను కింద ఉన్నవి. అన్నింటినీ బాగుచేయండని మేము అనము. చేయదలచుకొంటే కాగితాలతో మొదలుపెట్టి, లోపలి దారులు శుభ్రం చేసి, చివర రంగు వేయండి. చేయదలచుకోకపోతే, అడిగినవారికి ఇచ్చివేయండి, తుప్పు పట్టనివ్వకండి. కోతకు ముందు మాత్రం ఇంట్లో ఆ బండి ఎక్కేవారిని ఒక్క మాట అడగండి.

ప్రతి ఆదివారం ఉదయం మా కొట్టం తలుపు తెరిచే ఉంటుంది. పని నేర్చుకోదలచిన పిల్లలు రావచ్చును. స్పానర్లు మావి, కాఫీ అమ్మది. చేతికి మసి అంటుకొంటుంది, పరవాలేదు.